రిజిస్ట్రేషన్ ప్యాకేజీ ముందా, లెక్కల మనిషి ముందా? నెల్లూరు, ఒంగోలులో చిన్న సేవాసంస్థలకు దొరికే సేవలపై సమీక్ష

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఒక చిన్న సేవాసంస్థ పెడుతున్నామని నలుగురికీ చెబితే చాలు, వారం తిరక్కముందే ఎవరో ఒకరు ఫోన్ చేసి ‘ప్యాకేజీ’ మాట ఎత్తుతారు. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, 12ఏ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు), దర్పణ్ పోర్టల్ నంబరు, సీఎస్ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి నమోదు) అన్నీ కలిపి ఒకటే రేటు. సగం ముందు, సగం కాగితాలు చేతికొచ్చాక. ఇది కాక ఇంకో మూడు రకాల సేవలు దొరుకుతాయి: ఏడాదికోసారి ఆడిట్ చేసి రిటర్న్ వేసే ఆడిటర్, నెలనెలా లెక్కలు రాసే పార్ట్‌టైం అకౌంటెంట్, ‘సీఎస్ఆర్ డబ్బు తెప్పిస్తాం’ అని వచ్చే ప్రపోజల్ రాసేవాళ్లు. ఈ నాలుగింటిలో దేనికి డబ్బు పెడితే సంస్థ ఐదేళ్ల తర్వాత కూడా నడుస్తుంది, దేనికి పెడితే గోడకు ఫ్రేములు మాత్రమే మిగులుతాయి అన్నది ఇక్కడ చూస్తున్నాం. ఏ ఆఫీసు పేరూ ఎత్తడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మొదటి ఖర్చు లెక్కల మనిషికి, రెండోది ఆడిటర్‌కు. ప్యాకేజీలో సగం పని ఓపికున్న కార్యదర్శి సొంతంగా చేసుకోవచ్చు. ప్రపోజల్ సేవ ఆఖర్న, అదీ షరతులతోనే.

ఒక మాట. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంతో సెక్షన్ల అంకెలు మారతాయి. ఆడిటర్ల నోట ఆడేవి పాత పేర్లే కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం. దరఖాస్తు వేసే రోజున పోర్టల్లో ఉన్న ఫారం అంకెను సరిచూసుకోండి.

ప్యాకేజీ: దేనికి డబ్బు ఇస్తున్నట్టు?

ముందు తెలియాల్సింది ఇది: ఆదాయపు పన్ను పోర్టల్లో 12ఏ, 80జీల కోసం వేసే 10ఏ, 10ఏబీ ఫారాలకు ప్రభుత్వం ఫీజు తీసుకోదు. నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్‌లో నమోదుకూ రుసుము లేదు. అంటే ప్యాకేజీ బిల్లులో ఈ పేర్ల ఎదురుగా ఉన్న డబ్బంతా వాళ్ల శ్రమకే. శ్రమకు డబ్బు అడగడం తప్పేమీ కాదు. కానీ ‘గవర్నమెంటు ఫీజులు కలిపి’ అని రాసి ఉంటే ఏ ఫీజు, ఎంత, చలానా ఏది అని విడివిడిగా అడగాలి. డిజిటల్ సంతకానికీ, పాన్ కార్డుకూ, సొసైటీ రిజిస్ట్రేషన్‌కూ మాత్రం నిజంగానే ఖర్చుంటుంది.

సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఇక్కడ ప్యాకేజీవాళ్లు ఇచ్చే అసలు సరుకు బైలాస్, అంటే సంస్థ ఆశయాలు, నియమాలు రాసిన పత్రం. చాలామటుకు చెడేది కూడా ఇక్కడే. కంప్యూటర్లో ఉన్న పాత ఫైలు తీసి పేరు మార్చి ఇచ్చేస్తారు. ఆశయాల పేజీలో చదువు, వైద్యం, గోసంరక్షణ, గుడి జీర్ణోద్ధరణ, క్రీడలు, కళలు అన్నీ ఉంటాయి. ‘అన్నీ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి’ అని సర్దిచెబుతారు. ఆ పేజీయే తర్వాత కాళ్లకు అడ్డం పడుతుంది. మతసంబంధమైన ఖర్చు ఏడాది రాబడిలో 5 శాతం దాటితే 80జీకి ఇబ్బంది. ఫలానా మతంవారికో కులంవారికో మాత్రమే అని రాస్తే 80జీ రాదు. మన జిల్లాల్లో కులసంఘాల పేరున హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు నడపడం పాత ఆనవాయితీ కాబట్టి ఈ ఒక్క వాక్యం దగ్గర జాగ్రత్త పడాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు ఈ అడ్డంకి లేదు.

కాబట్టి బైలాస్ మీరే రాసుకోండి. నిజంగా చేయబోయే రెండు మూడు పనులే ఆశయాల్లో పెట్టండి. కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడ్ లేని నీళ్లు అందించడమే పని అయితే అదే రాయండి. ఈ నాలుగు వాక్యాలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి: లాభం సభ్యులకు పంచం; రాబడి, ఆస్తి సంస్థ ఆశయాలకే వాడతాం; సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి ఇలాంటి మరో సంస్థకే వెళుతుంది, సభ్యులకు కాదు; లెక్కలు ఏటా ఆడిట్ అవుతాయి. మూడోది లేకపోతే పన్ను శాఖ నుంచి ప్రశ్న తప్పదు. అప్పుడు జనరల్ బాడీ పెట్టి ప్రత్యేక తీర్మానం చేసి, సవరణను మళ్లీ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. మొదట రాయాల్సిన ఒక్క వాక్యానికి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

తర్వాతి మెట్టు 12ఏబీ. వాడుకలో 12ఏ అంటున్నది దీన్నే. ఇంకా పని మొదలుపెట్టని కొత్త సంస్థకు 10ఏ ఫారంతో మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ వస్తుంది. ప్యాకేజీవాళ్లు ‘12ఏ వచ్చేసింది’ అని చేతిలో పెట్టేది ఈ తాత్కాలిక కాగితమే. అది చివరిది కాదు. పని మొదలైన ఆరు నెలల్లోపు గానీ, తాత్కాలిక గడువు ముగియడానికి ఆరు నెలల ముందు గానీ, ఏది ముందొస్తే అప్పటికల్లా 10ఏబీ వేయాలి. మామూలుగా ముందొచ్చేది మొదటిదే. ‘మూడేళ్లు ఉంది కదా’ అనుకుని కూర్చున్న సంస్థలు ఇక్కడే దెబ్బతింటాయి. సొసైటీ పేరున అప్పటికే పని నడుస్తూ, పన్ను మినహాయింపు ఎన్నడూ అడగని సంస్థ అయితే తాత్కాలికానికి వెళ్లకుండా నేరుగా 10ఏబీలో అడగాలి. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఒకే 10ఏ వేసే ప్యాకేజీని దూరం పెట్టండి.

10ఏబీ వేశాక వ్యవహారం హైదరాబాదులోని ఎగ్జెంప్షన్స్ కమిషనర్ పరిధిలోకి వెళుతుంది. నోటీసు ఆన్‌లైన్లో వస్తుంది: చేసిన పనుల వివరం, ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిట్ అయిన లెక్కలు, దాతల జాబితా, ఖర్చుల వోచర్లు. జవాబుకు ఇచ్చే గడువు తక్కువ. దరఖాస్తు తిరస్కరణకు దారితీసే ఒక కారణం అవినీతీ కాదు, లెక్కల్లో మోసమూ కాదు. నోటీసు వచ్చిందని సంస్థకు తెలియకపోవడం. ఎందుకంటే పోర్టల్లో ఇచ్చిన ఈమెయిల్, మొబైల్ నంబరు రెండూ ప్యాకేజీ ఆఫీసువి. పని అయిపోయింది, రెండో సగం డబ్బు అందింది, ఇక ఆ ఇన్‌బాక్స్ ఎవరూ తెరవరు.

దీని పర్యవసానం పెద్దది. గడువులో దరఖాస్తు వేయకపోయినా, వేసింది తిరస్కరణ అయినా, సంస్థ ఆస్తుల మార్కెట్ విలువ నుంచి అప్పులు తీసేయగా మిగిలిన దాని మీద గరిష్ఠ రేటుతో పన్ను వేసే 115టీడీ సెక్షన్ తలకు చుట్టుకుంటుంది. దాత ఇచ్చిన ఐదు సెంట్ల స్థలం తప్ప చేతిలో పైసా లేని సంస్థకు అది మోయలేని భారం. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి కమిషనర్లకు వచ్చింది. అది ఊరటే. దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

అందుకే ప్యాకేజీ కొనేముందు మూడు సంగతులు తేల్చుకోండి. పోర్టల్లో సంస్థ సొంత ఈమెయిలే ఉండాలి, పాస్‌వర్డు ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర ఉండాలి. డిజిటల్ సంతకం టోకెన్ మీ బీరువాలో ఉండాలి, వాళ్ల డ్రాయర్లో కాదు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరి దగ్గరైనా వదిలి వస్తామా? ఇదీ అంతే. ఇక మూడోది: 10ఏబీ, దాని నోటీసులకు జవాబు ఈ రేటులోనే కలిసి ఉన్నాయా, వేరేనా? చాలా ప్యాకేజీలు 10ఏతోనే ఆగిపోతాయి. అసలు పని ఉన్నది దాని తర్వాతే.

గడువుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 2025 ఆర్థిక చట్టం తర్వాత, దరఖాస్తుకు ముందు రెండేళ్లలోనూ రాబడి 5 కోట్లు దాటని సంస్థకు 12ఏబీ రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఇచ్చే వీలు వచ్చింది. 80జీ మాత్రం ఐదేళ్లకే. రెండు ఉత్తర్వుల మీదా ముగింపు తేదీలు వేరుగా ఉంటాయి. రెండూ ఒకేసారి వచ్చాయి కదా, ఒకేసారి పునరుద్ధరణ చేయిద్దాం అనుకుంటే 80జీ మధ్యలోనే జారిపోతుంది.

దర్పణ్ సంగతి చిన్నదే. సంస్థ పాన్, ముగ్గురు బాధ్యుల పాన్, ఆధార్ వివరాలతో ఆన్‌లైన్లో నమోదు. ఎవరైనా చేసుకోవచ్చు. అది గుర్తింపు సంఖ్య మాత్రమే. ప్రభుత్వం మీ సంస్థను మెచ్చి ఇచ్చిన పత్రం కాదు. ‘నీతి ఆయోగ్ గుర్తింపు పొందిన సంస్థ’ అని బ్యానర్ కొట్టించడం జనాన్ని తప్పుదారి పట్టించడమే. మానుకోండి.

ఆడిటర్: ఏడాదికోసారి చాలదు

12ఏబీ ఉన్న సంస్థ రాబడి పన్ను పరిమితి దాటితే ఆడిట్ తప్పదు. విదేశీ విరాళం లేని, రాబడి 5 కోట్లు దాటని, దేశం బయట ఖర్చు చేయని సంస్థకు ఆడిట్ రిపోర్టు 10బీబీ ఫారంలో. విదేశీ విరాళం, 5 కోట్లు దాటిన రాబడి, దేశం బయట ఖర్చు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 10బీ. మామూలుగా ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30 లోపు, సేవాసంస్థల పన్ను రిటర్న్ ఐటీఆర్-7 అక్టోబరు 31 లోపు. రిపోర్టు గడువు దాటితే మినహాయింపే ప్రశ్నలో పడుతుంది. కాబట్టి అక్టోబరులో పరుగులు పెట్టే ఆడిటర్ కన్నా జూన్, జూలైల్లోనే కాగితాలు అడిగే ఆడిటర్ మేలు.

ఆడిటర్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఫీజు ఎంత’ ఒక్కటే కాదు. ‘మీరు చేసే సేవాసంస్థలు ఎన్ని?’ అనేది ముందు. రైస్ మిల్లుల, రొయ్యల చెరువుల లెక్కల్లో ఆరితేరిన ఆడిటర్ కూడా సేవాసంస్థ లెక్క దగ్గర తడబడవచ్చు. ఇక్కడ సూత్రాలు వేరు. రాబడిలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాలకు ఖర్చు కావాలి. ఖర్చు అంటే బిల్లు రావడం కాదు, డబ్బు నిజంగా చెల్లించడం. మార్చిలో బిల్లు వచ్చి ఏప్రిల్లో చెల్లిస్తే అది వచ్చే ఏడాది ఖర్చే. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది లెక్కలోకి రాదు. అధ్యక్షుడి ఇంట్లోనే ఆఫీసు పెట్టి బజారు రేటు కన్నా ఎక్కువ అద్దె కడితే, బాధ్యులకు లబ్ధి చేకూర్చినట్టు అవుతుంది. అద్దె సముచితమేనని చూపడానికి అదే వీధిలోని ఇంకో రెండిళ్ల అద్దె వివరం ఫైల్లో పెట్టుకోండి.

రిజిస్ట్రార్ కాగితం సంగతి ఆడిటర్లు కూడా మరచిపోతారు. జనరల్ బాడీ జరిగిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఇది నాలుగేళ్లు వదిలేస్తే, కోశాధికారి మారినప్పుడు బ్యాంకు కొత్త సంతకం ఒప్పుకోదు. తగవు వస్తే అసలు కార్యవర్గం ఎవరో తేలదు. మినిట్స్ పుస్తకం, ఈ జాబితాలు ఒకే ఫైల్లో ఏడాది వారీగా ఉంచండి.

లెక్కల మనిషి: అసలు విలువ ఇక్కడే

నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు మొదలైనప్పుడు ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచారు. ఆ సంఘాలు నిలబడింది మొత్తం పెద్దదని కాదు. నెలనెలా కూర్చుని, పుస్తకంలో రాసి, అందరికీ చదివి వినిపించారు కాబట్టి. చిన్న సేవాసంస్థకు కావలసిందీ అదే అలవాటు. దాన్ని నేర్పే సేవ నెలకు నాలుగైదు పూటలు వచ్చే పార్ట్‌టైం అకౌంటెంట్.

నెలకు యాభై లావాదేవీలు దాటని సంస్థకు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఒక ఎక్సెల్ షీటు చాలు: తేదీ, వోచర్ నంబరు, ఎవరికి లేదా ఎవరి నుంచి, దేనికి, ఏ ప్రాజెక్టు, నగదా బ్యాంకా, మొత్తం, నిల్వ. రెండో ప్రాజెక్టు వచ్చినప్పుడు టాలీకి మారి, ప్రాజెక్టుకొక కాస్ట్ సెంటర్ (ఖర్చుల విడి పద్దు) పెట్టాలి. టాలీ డేటా అకౌంటెంట్ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే ఆయన ఉద్యోగం మారిన రోజున మీ చరిత్రంతా ఆయనతోనే పోతుంది. నెలాఖరున బ్యాకప్ సంస్థ పెన్‌డ్రైవ్‌లోకి రావాలి. లెక్కల పుస్తకాలు, వోచర్లు, రసీదు బుక్కుల కౌంటర్‌ఫైళ్లు పదేళ్లు భద్రపరచాలన్నది నిబంధన.

ఈ సేవ బాగుందో లేదో కనిపెట్టాలంటే విరాళాల రసీదు చూడండి. సరైన రసీదులో వరుస సంఖ్య, తేదీ, దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య, డబ్బు వచ్చిన దారి, దేనికి ఇచ్చారు, సంస్థ పాన్, 80జీ ఉత్తర్వు సంఖ్య, తేదీ ఉండాలి. ఎందుకింత? ఏటా మే 31 లోపు 10బీడీ ఫారంలో ప్రతి దాత వివరం ఎక్కించి, ఆదాయపు పన్ను పోర్టల్ నుంచే 10బీఈ సర్టిఫికెట్ తీసి దాతకు ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా దాతకు పన్ను మినహాయింపు దక్కదు. ఆలస్యానికి రోజుకు 200 రూపాయలు రుసుము. ఆపైన 10,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడే వీలుంది. మే నెల ఎండల్లో కూర్చుని ‘సార్, మీ పాన్ నంబరు చెప్పండి’ అని మూడు వందలమందికి ఫోన్లు చేయడం కన్నా, రసీదు రాసేటప్పుడే అడిగితే పోయేది అర నిమిషం.

దాతలకు ముందే చెప్పాల్సిన సంగతులు కూడా అకౌంటెంట్‌కు తెలిసుండాలి. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే దాతకు 80జీ మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికీ దొరకదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు, పాత కంప్యూటర్లు ఇస్తే అది వస్తు విరాళమే, 80జీ వర్తించదు. వాటికి వేరే రసీదు, స్టాకు పుస్తకంలో నమోదు. మిల్లు యజమాని పది బస్తాలు ఇచ్చి ‘ఎయిటీ జీ రసీదు రాయండి’ అంటే మొహమాటానికి రాసివ్వకండి.

పర్సనల్ ఫోన్‌పే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న సంస్థల్లో అతి ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. అధ్యక్షుడి నంబరుకు డబ్బు వేయించుకుని, ఆయన అందులోంచి ఖర్చు పెట్టడం. పన్ను శాఖ కంటికి అది ఆయన సొంత రాబడి. సంస్థ పేరున బ్యాంకు ఖాతా తెరిచి, ఆ ఖాతాకే క్యూఆర్ తీసుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. ‘ఆయన మీద నమ్మకం లేకనా?’ అని ఎవరైనా అంటే, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన్ని కాపాడేది ఈ రెండో సంతకమేనని చెప్పండి.

డబ్బా పట్టుకుని చందాలు వసూలు చేసే సంస్థలకు ఇంకో హెచ్చరిక. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు గట్టున గానీ, జాతర రోజున గానీ డబ్బాలో పడే డబ్బుకు దాత పేరుండదు. పేరు లేని విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకే వెసులుబాటు. దాటిన దాని మీద 30 శాతం పన్ను. కాబట్టి డబ్బా పక్కనే ఒక నోటుబుక్కు పెట్టి, నూరు రూపాయలు పైన ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా రాయించండి. డబ్బా తెరిచేటప్పుడు ముగ్గురు ఉండి, లెక్కపెట్టి, సంతకాలు చేసి, ఆ మర్నాడే బ్యాంకులో వేయండి.

ఇక సంస్థ నిలకడ లెక్క. 85 శాతం ఖర్చు పెట్టాలన్న నిబంధన విని ‘అయితే మిగిల్చుకోకూడదు’ అనుకునే కార్యవర్గాలు చాలా ఉన్నాయి. అది పొరపాటు. మిగిలిన 15 శాతం గడువేమీ లేకుండా దాచుకోవచ్చు. కావలి దగ్గర సాయంత్రం బడి నడిపే సంస్థకు ఏడాదికి 6,00,000 రాబడి అనుకుందాం. 5,10,000 ఖర్చు కావాలి, 90,000 దాచుకోవచ్చు, అంటే నెలకు 7,500. నెల ఖర్చు 42,500 కాబట్టి మూడు నెలల నిల్వకు 1,27,500 కావాలి. నెలనెలా 7,500 వేరే ఖాతాలో వేస్తే 17 నెలల్లో ఆ నిల్వ తయారవుతుంది. దాతల డబ్బు ఆలస్యమైనప్పుడు టీచర్ల జీతం ఆగకుండా కాపాడేది ఆ నిల్వే. ఇంతకన్నా ఎక్కువ దాచాలంటే, భవనం లాంటి నిర్దిష్టమైన పని పేరు చెప్పి ఫారం 10 వేసి, ఐదేళ్లలో ఖర్చు పెట్టాలి. దాత ‘ఇది మూలధనానికి’ అని రాతపూర్వకంగా ఇస్తే అది కార్పస్. విడిగా చూపించి, చట్టం చెప్పిన బ్యాంకు డిపాజిట్ల వంటి వాటిలోనే పెట్టాలి.

పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల వర్ధంతులకు ‘ఒక పూట భోజనం’ పేరున వచ్చే డబ్బు మన దగ్గర బలమైన ఆధారం. ఒకసారి ఇచ్చిన దాతల తేదీలు ఒక రిజిస్టర్లో రాసుకుని, వచ్చే ఏడాది అదే తేదీకి పది రోజుల ముందు ఫోన్ చేస్తే ఏ వెబ్‌సైటూ అక్కర్లేకుండా రాబడి నిలకడ పడుతుంది. మంచి అకౌంటెంట్ ఈ జాబితా ప్రతి నెలా ఒకటో తారీఖున తీసి ఇస్తాడు. భోజనానికి ఇచ్చిన డబ్బును జీతాలకు వాడకూడదు. అందుకే రసీదు మీద ‘భోజనం, వంటమనిషి జీతం, గ్యాసు, నిర్వహణ’ అని ముందే విప్పి రాయించుకోండి.

సంస్థ తయారుచేసినవి అమ్మి నడుద్దామన్న ఆలోచన కూడా బాగుంటుంది: కుట్టు కేంద్రం సంచులు, ఉదయగిరి చెక్క గరిటెలు లాంటివి. ఆ వ్యాపారం ఆశయానికి అనుబంధంగా ఉండాలి, దాని లెక్క పుస్తకం వేరుగా ఉండాలి. పేదల సహాయం, చదువు, వైద్యం కోవలో కాకుండా సాధారణ ప్రజాప్రయోజనం కోవలోకి వచ్చే సంస్థ అయితే వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. కోవ ఏదో ఆడిటర్‌తో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే కుట్టుమిషన్లు కొనండి.

ప్రపోజల్ సేవ: శాతం అడిగితే లేచి వచ్చేయండి

కృష్ణపట్నం చుట్టూ పోర్టు, థర్మల్ కేంద్రాలు, చీమకుర్తిలో గ్రానైట్. కాబట్టి మన జిల్లాల్లో ‘సీఎస్ఆర్ తెప్పిస్తాం’ అనే మాటకు గిరాకీ ఎక్కువ. అసలు నియమం ఇది: 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి. ‘కంపెనీ’ అన్న మాట గమనించండి. భాగస్వామ్య సంస్థగానో సొంత వ్యాపారంగానో నడిచే క్వారీకి, మిల్లుకు, హేచరీకి ఈ బాధ్యత లేదు, ఎంత లాభం వచ్చినా. అలాంటివాళ్ల దగ్గరికి సీఎస్ఆర్ ప్రపోజల్ కట్ట తీసుకెళ్లడం దండగ. 80జీ రసీదు, చేసిన పని ఫొటోలు, ఒక పేజీ లెక్క తీసుకెళ్లండి.

కంపెనీ దగ్గరికి వెళ్లాలంటే 12ఏబీ, 80జీ, సీఎస్ఆర్-1 నంబరు, అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. కాబట్టి నిరుడు పుట్టిన సంస్థకు ప్యాకేజీలో సీఎస్ఆర్-1 కట్టబెట్టడం అనవసర ఖర్చు. కంపెనీలు ఏడాది కార్యాచరణ ప్రణాళిక వేసుకుంటాయి కాబట్టి మార్చి ఆఖరి వారంలో కాదు, జనవరిలోనే కలవండి.

ప్రపోజల్ రాసేవారికి పేజీకి ఇంత, రోజుకు ఇంత అని ఇవ్వొచ్చు. ‘వచ్చినదాంట్లో శాతం’ అంటే మాత్రం వద్దు. ఆ కమీషన్ ఏ ఖర్చు పద్దు కిందా చూపించలేరు. డబ్బు ఒప్పుకున్న పనికే ఖర్చయిందని కంపెనీ ఫైనాన్స్ అధికారి ధ్రువీకరించాలి కాబట్టి వోచర్లు అడుగుతారు. అప్పుడు దొంగ బిల్లులు పుట్టించాల్సి వస్తుంది. అక్కడితో సంస్థ పేరు పోతుంది. బడ్జెట్లో అకౌంటెంట్ జీతం, ప్రయాణాలు, ఆడిట్ ఫీజు దాచకుండా రాయండి. పిల్లల పుస్తకాలకే డబ్బు అడిగి, వాటిని పంచే మనిషి జీతం అడగని ప్రపోజల్ సంస్థను రెండేళ్లలో పస్తు పెడుతుంది.

అమెరికా చుట్టాల డబ్బు విషయంలో ఈ నాలుగు సేవలూ చాలావరకు మౌనంగా ఉంటాయి. ప్రమాదం మాత్రం పెద్దది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. నెల్లూరు వచ్చినప్పుడు చేతికి నగదుగా ఇచ్చినా అంతే. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాలకు 15 లక్షల ఖర్చు ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. మరో సంస్థకు బదిలీ చేయకూడదు. చిన్న సంస్థకు ఇది ఇప్పుడే అక్కర్లేని బరువు. ప్రవాసి విరాళం తీసుకునేటప్పుడు పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు అడిగి రసీదుకు జతచేయండి. మీ అకౌంటెంట్ ఆ నకలు లేకుండా రసీదు కొట్టనని పట్టుబడితే, ఆయన జీతం వెయ్యి రూపాయలు పెంచినా తప్పులేదు.